తెరమీది బటన్లకు రూపవిధానము: థీమ్ పద్ధతులపై ఒక సమీక్ష

సికింద్రాబాదునుండి వికారాబాదు మీదుగా వాడీ పోవు రైలుమార్గముపై నున్న శంకర్‌పల్లి నేడు రెండు లోకములకు పొలిమేరగా నిలిచియున్నది. ఒకవైపు మోకిలలో లేచిన విల్లాలు, దొంతాన్‌పల్లిలోని ఇక్ఫాయ్ విద్యాప్రాంగణము, వాటికి తూర్పున కోకాపేట, గచ్చిబౌలి ప్రాంతముల సాఫ్ట్‌వేర్ కార్యాలయములు. మఱియొకవైపు చేవెళ్ల, మొయినాబాదు మండలముల కూరగాయల మడులు, పాలీహౌసులు, గుడిమల్కాపూర్ పూలమార్కెట్టుకు తరలిపోవు బంతి, చామంతి, గులాబీలు. యాప్‌ను చల్లని గదిలో కూర్చుండి వ్రాయువారును, ఆ యాప్‌ను ఎండలో నిలుచుండి మట్టివ్రేలితో నొక్కువారును ఇట్లు ఇరుగుపొరుగున నివసించుచున్నచోట, తెరమీది బటన్లకు రంగును రూపమును ఎట్లు తొడుగవలెనను ప్రశ్న కేవలము కళాభిరుచికి సంబంధించినదిగా మిగులదు. దాని మంచిచెడ్డలు సాయంత్రమునకే తేలిపోవును. ఆ ప్రశ్నకు లోకము ఇంతవరకు చెప్పిన సమాధానములను వరుసగా పరిశీలించి, వానిలో మనకు పనికివచ్చునవి యెవ్వియో, కొఱతపడినవి యెవ్వియో నిర్ణయించుటకు ఈ వ్యాసము ఉద్దేశింపబడినది.

మొదట విషయమును నిర్వచించుకొందము. యాప్ తెరమీద మనుష్యుని వ్రేలికి లోబడు వస్తువులు, అనగా బటన్, టెక్స్ట్ బాక్స్, చెక్ బాక్స్, స్విచ్, ట్యాబ్, స్లైడర్, మెనూ మున్నగునవి, డెవలపర్ల వాడుకలో కంట్రోల్స్ అనబడుచున్నవి. వీని రంగు, అక్షరరూపము, పరిమాణము, అంచుల వంపు, నీడ, చుట్టును విడువవలసిన ఖాళీ, నొక్కినపుడు కానరావలసిన మార్పు, వీనినన్నిటిని ఒక్కచోట నిర్ణయించి, ఆ నిర్ణయమును యాప్ అంతటికిని వర్తింపజేయు కట్టుబాటునకు థీమ్ అని పేరు. ఈ కట్టుబాటును గూర్చి నలువది యేండ్లకు పైగా జరుగుచున్న చర్చ మూడు ప్రశ్నలలో ఇమిడియున్నది: నిర్ణయాధికారము ఎవరిది, నిర్ణయమును ఎచ్చట వ్రాయవలెను, అది సరియైనదని ఏ కొలతతో తేల్చవలెను. మొదటి రెండింటికి పుష్కలముగా సమాధానములు వచ్చినవి. మూడవదానికి వచ్చిన సమాధానములు తెలుగువానికి చాలలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

అధికారము చేతులు మారిన చరిత్ర

1981లో జిరాక్స్ స్టార్, 1984లో ఆపిల్ మెకింటోష్ వెలువడినపుడు బటన్ ఎట్లుండవలెనను ఆలోచన ప్రోగ్రాము వ్రాయువానికి పెద్దగా పట్టలేదు. యంత్రమును చేసినవారు ఎట్లు గీసిరో సామాన్యముగా అట్లే ప్రోగ్రాములన్నిటిలోను ఉండెడిది. ఒకదానిలో నేర్చినది మఱియొకదానిలో అక్కఱకు వచ్చుట ఈ పద్ధతివలని మహోపకారము. ఎక్స్ విండో వ్యవస్థను నిర్మించినవారు ఇందుకు భిన్నమైన మార్గము త్రొక్కి, తాము సాధనములను మాత్రమే సమకూర్చెదమనియు, రూపమును విధింపబోమనియు నిశ్చయించిరి. తత్ఫలితముగా యూనిక్స్ యంత్రములపై ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్కొక్క మొగముతో కానవచ్చి, మోటిఫ్ వంటి టూల్‌కిట్లు వచ్చి దానిని సరిదిద్దవలసివచ్చెను. 1992 నాటి విండోస్ 3.1 వాడుకరికే రంగుల పట్టికలను చేతికిచ్చినది. ఎఱుపును పసుపును గుప్పించి కన్నులు చెదరునట్లు కూర్చిన హాట్ డాగ్ స్టాండ్ అను పట్టిక నేటికిని పరిహాసపాత్రమై జ్ఞాపకములో నిలిచియున్నది.

1998 డిసెంబరులో వెలువడిన జావా 1.2తో వచ్చిన స్వింగ్, ఒకే ప్రోగ్రాము విండోస్ వేషమును గాని, మోటిఫ్ వేషమును గాని, తనదైన మెటల్ వేషమును గాని ఇష్టము వచ్చినట్లు ధరింపవచ్చునని చాటినది. హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనదియు, మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రము వెలసినదియు ఆ సంవత్సరమే. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ లూనా అను రూపముతో, నీలము, ఆలివ్ ఆకుపచ్చ, వెండి అను మూడు వన్నెలతో వచ్చి, థీమ్ అను మాటను సామాన్యుని ఇంటికి తెచ్చినది. వెబ్ ప్రపంచములో 1994 అక్టోబరున హాకన్ వియుమ్ లీ ప్రతిపాదించిన సీఎస్ఎస్, 1996 డిసెంబరున ప్రమాణముగా ఆమోదింపబడి, విషయమును రూపమును వేరుచేయవలెనను సూత్రమును స్థాపించినది. 2003లో డేవ్ షే నెలకొల్పిన జెన్ గార్డెన్, ఒక్క అక్షరమైనను మార్చని ఒకే పేజీకి రూపపత్రమును మాత్రము మార్చి ఎన్ని అవతారములెత్తింపవచ్చునో ప్రదర్శించి, సంశయాత్ములను సైతము ఒప్పించినది.

చేతిఫోనులు వచ్చిన పిమ్మట చక్రము మఱల తిరిగినది. 2011లో ఆండ్రాయిడ్ హోలో అను రూపమును, 2014 జూనులో గూగుల్ మెటీరియల్ డిజైన్‌ను, 2013లో ఆపిల్ ఐఓఎస్ 7తో నీడలు, మెరుగులు విడిచిన చదునురూపమును ప్రవేశపెట్టినవి. డార్క్ మోడ్ 2018లో మాక్ మొజావేతోను, 2019లో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13లతోను వ్యాపించినది. 2021లో ఆండ్రాయిడ్ 12, వాడుకరి పెట్టుకొన్న వాల్‌పేపర్‌నుండియే రంగులను పిండి, బటన్లకు అద్దు విధానమును తెచ్చినది. అనగా నిర్ణయాధికారము యంత్రకర్తనుండి ప్రోగ్రామరుకు, అతనినుండి వాడుకరికి, ఇపుడు ముగ్గురికిని ఉమ్మడిగా సంక్రమించినది. ఉమ్మడి ఆస్తికి పంపకపు పత్రము ఎంత స్పష్టముగా నుండవలెనో, ముగ్గురి అధికారములో నున్న థీమ్‌కు హద్దులను నిర్దేశించు వ్రాత అంత స్పష్టముగా నుండవలెను.

వ్రాయు చోటు

ఆ వ్రాత విషయమున మూడు పద్ధతులు వాడుకలో నున్నవి. మొదటిది ప్రతి బటన్‌కును అక్కడికక్కడ రంగు వ్రాయుట. రెండు తెరల యాప్‌కు ఇది చాలును; తెరలు ఏబది అయినపుడు, యజమాని నీలమును మార్చుమన్న నాడు డెవలపర్ ఏబదిచోట్ల వెదకవలసివచ్చును, ఒకటి రెండుచోట్ల మఱచుటయు నిశ్చయము. రెండవది వారసత్వపద్ధతి. ఆండ్రాయిడ్‌లో స్టైల్ అనునది ఒక్క వస్తువునకు అంటుకొనునది. థీమ్ అనునది ఒక తెరకు గాని యాప్‌కు గాని చెందియుండి, దానిలోని వస్తువులన్నిటికిని దిగివచ్చునది. ఈ భేదము తెలియకయే పుస్తకములోని ఉదాహరణను దించుకొన్న కుఱ్ఱలు, తెరను అప్లికేషన్ కాంటెక్స్ట్‌తో, అనగా యాప్ పరిసరముతో, నిర్మించి, తాము వ్రాసిన థీమ్ ఎందుకు అంటలేదని తల పట్టుకొందురు. తెరకు చెందిన థీమ్ ఆ తెర కాంటెక్స్ట్‌లోనే యుండును గాని, యాప్ కాంటెక్స్ట్‌లో నుండదు. స్వింగ్‌లో బటన్లు పుట్టిన పిమ్మట వేషము మార్చినచో, వస్తువుల చెట్టునంతటిని మఱల తీర్చుకొమ్మని విడిగా ఆజ్ఞాపింపవలెను. విండోస్ ఫారములలో విజువల్ స్టైల్స్‌ను అనుమతించు వాక్యము మొదటి కంట్రోల్ పుట్టకమునుపే నడచియుండవలెను. ఏ పరిసరములో, ఏ క్షణమున పుట్టినదను దానినిబట్టియే కంట్రోల్ రూపము నిర్ణయమగునని ఈ మూడు దృష్టాంతములును చెప్పుచున్నవి.

మూడవది పాత్రలకు పేరుపెట్టు పద్ధతి. ఇందు నీలము, తెలుపు అని వ్రాయక, ప్రధానక్రియకు చెందిన రంగు, దానిపై అక్షరముల రంగు, నేపథ్యము, నేపథ్యముపై అక్షరము, దోషసూచన అని పాత్రలను పేర్కొని, ఆ పాత్రలకు విలువలను వేఱొక పట్టికలో ఉంచుదురు. మెటీరియల్ మూడవ రూపములోని రంగుల పట్టికయు, సేల్స్‌ఫోర్స్ సంస్థ ప్రచారములోనికి తెచ్చిన డిజైన్ టోకెన్లును, యాప్ నిర్మాణసాధనమైన ఫ్లటర్‌లోని థీమ్ డేటాయు, జెట్‌ప్యాక్ కంపోజ్‌లోని మెటీరియల్ థీమ్‌ను ఈ కుటుంబమునకే చెందినవి. డార్క్ మోడ్ ఈ పద్ధతిని దాదాపు అనివార్యము చేసినది. ఏలననగా, తెలుపు అని వ్రాసినచోట రాత్రికి నలుపు కావలెనన్న చిక్కు గాని, నేపథ్యము అని వ్రాసినచోట చిక్కు లేదు. ముగ్గురి అధికారమును ఇముడ్చుకొనగలిగినదియు ఇది యొక్కటే: పాత్రలను సంస్థ నిర్ణయించును, విలువలను డిజైనర్ పూరించును, వానిలో కొన్నింటిని వాడుకరి మార్చుకొనును.

ఒక్క బటన్‌ను దగ్గఱగా చూచినచో ఈ వ్రాతలోని సూక్ష్మత బోధపడును. అది ఊరకున్నపుడొక రంగు, నొక్కినపుడొకటి, కీబోర్డుతో చేరినపుడు చుట్టునొక గీత, పనిచేయనపుడు వెలసిన రంగు ధరింపవలెను. ఆండ్రాయిడ్‌లో ఈ అవస్థలను ఒక జాబితాగా వ్రాయుదురు. యంత్రము ఆ జాబితాను పైనుండి క్రిందికి చదివి, మొదట సరిపోయినదానినే గ్రహించును. షరతులేని సాధారణపు రంగును మొదటి వరుసలో పెట్టినచో అది ప్రతి అవస్థకును సరిపోవును గనుక, క్రింది వరుసలను యంత్రము ఎన్నడును చేరదు. బటన్ నొక్కినను ఉలుకదు పలుకదు. ఫలితమేమనగా, వాడుకరి తాను నొక్కలేదేమోయని మఱల నొక్కును. డబ్బు చెల్లించు తెరలో రెండవ నొక్కునకు యాప్ అడ్డుకట్ట వేయనిచో అది ఒక్కొక్కపుడు రెండవ చెల్లింపగును. థీమ్‌లో వరుస తప్పిన ఒక్క పంక్తి మనుష్యుని జేబును తాకుట ఇట్లు.

ఎవరు గీయవలెను

పద్ధతి ఏదైనను, గీయువాడెవడను వివాదము మిగిలియే యున్నది. రియాక్ట్ నేటివ్ అను యాప్ నిర్మాణసాధనము ఫోనులోని స్వకీయ కంట్రోల్స్‌నే పిలిచి వాడుకొనును. 2018 డిసెంబరులో మొదటి స్థిరరూపము పొందిన ఫ్లటర్, ఫోను కంట్రోల్స్‌ను ముట్టక, ప్రతి బటన్‌ను తానే చుక్కచుక్కగా చిత్రించును. మొదటివారి వాదము: ఫోనులో అక్షరము పెద్దదిగా పెట్టుకొన్నవారికి, తెరను చదివి వినిపించు సాధనముపై ఆధారపడు అంధులకు, స్వకీయ కంట్రోల్ సహజముగానే సహకరించును. రెండవవారి వాదము: పాత ఫోనులోను కొత్త ఫోనులోను ఒకే రూపము రావలెనన్నచో స్వయముగా గీయుటకు మించిన ఉపాయము లేదు. ఇరువురి మాటయు సత్యమే; గీయు హక్కును తీసుకొన్నవాడు సహకరించు బాధ్యతను కూడ తీసుకొనవలెనని మాత్రము చెప్పవచ్చును. వెబ్‌లో సెలెక్ట్ పెట్టె, చెక్ బాక్స్ వంటివి చిరకాలము రూపకర్తకు లొంగక, వాని స్థానమున కృత్రిమపు పెట్టెలను కల్పించు దురాచారము ప్రబలినది. 2021లో క్రోమ్ బ్రౌజరునందు వచ్చిన యాక్సెంట్ కలర్ అను చిన్న గుణము, అసలు పెట్టెను ఉంచియే దానికి రంగు నద్దు మధ్యమార్గమును చూపినది.

ఏ కొలతతో తేల్చవలెను

ఇక మూడవ ప్రశ్న. అంతర్జాతీయముగా అంగీకృతమైన డబ్ల్యూసీఏజీ ప్రమాణము, సామాన్యపు అక్షరమునకును దాని నేపథ్యమునకును వెలుగులో 4.5కు 1 నిష్పత్తియు, పెద్ద అక్షరములకు 3కు 1 నిష్పత్తియు కనీసముగా విధించుచున్నది. 2018 జూనులో వచ్చిన 2.1 రూపము గుర్తింపునకు అవసరమైన బటన్ అంచులు, చెక్ బాక్స్ గీతలవంటి వానికి సైతము 3కు 1 విధించినది. భారతప్రభుత్వపు వెబ్‌సైట్లకును యాప్‌లకును వర్తించు మార్గదర్శకముల మూడవ రూపము, 2023 నాటిది, ఈ ప్రమాణమునే అనుసరించుచున్నది. చేవెళ్ల పూలరైతులకొఱకు ధరలు తెలుపు యాప్ ఒకటి కలదనుకొందము; బంతిపూవు వన్నె నారింజరంగు బటన్‌పై తెల్లని అక్షరములు వ్రాసినచో ముచ్చటగా తోచును గాని, లెక్కకట్టినచో ఆ నిష్పత్తి దాదాపు 2కు 1 మాత్రమే. అదే బటన్‌పై నల్లని అక్షరము వ్రాసినచో నిష్పత్తి 10కి మించును. గదిలో రెండును చదువదగినవే. మిట్టమధ్యాహ్నము పొలముగట్టున సూర్యుని వెలుగు అద్దముపై పడి తెరలోని నలుపును కూడ తెలుపు చేయుచున్నపుడు, మొదటిది మాయమగును, రెండవది నిలుచును.

డార్క్ మోడ్‌ను గూర్చి వ్యాపించిన భ్రమను కూడ ఇచ్చట తొలగించుట మంచిది. అది బ్యాటరీని అమితముగా ఆదాచేయునని చెప్పుదురు. పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 2021లో ఓఎల్ఈడీ తెరలపై పరీక్షించి, తెర వెలుగు 30 నుండి 50 శాతములో నున్నపుడు సగటున 3 నుండి 9 శాతము మాత్రమే మిగులుననియు, వెలుగు నూటికి నూరు పెట్టినపుడు 39 నుండి 47 శాతము వఱకు మిగులుననియు తేల్చిరి. వెలుగును పూర్తిగా పెంచవలసినది ఎండలోనే. ఎండలోనేమో నల్లని నేపథ్యము అద్దమువలె ముఖమును ప్రతిఫలింపజేయును. కనుక ఆదా అధికముగా నుండుచోట చదువుట కష్టము, చదువుట సులభమైనచోట ఆదా స్వల్పము. దీనిని వాడుకరి యిష్టమునకు విడిచిపెట్టి, రెండు రూపములను సమానశ్రద్ధతో పరీక్షించుట తప్ప వేఱు న్యాయము కనబడదు. రంగొక్కటియే అర్థమును మోయరాదను నియమము కూడ ఇట్టిదే: ఎఱుపు ఆకుపచ్చల భేదము కానరానివారికి, ధర పెరిగినదో తగ్గినదో బాణపుగుర్తు చెప్పవలెను గాని, వన్నె చెప్పజాలదు.

తెలుగు లిపి తెచ్చిన పరీక్ష

పైన చెప్పిన కొలతలన్నియు లాటిన్ అక్షరమును దృష్టిలో నుంచుకొని పుట్టినవి. తెలుగు అక్షరము వచ్చి బటన్‌లో కూర్చుండగానే లోపము బయటపడును. భూమి యాప్‌లలో నిత్యము కనబడు రిజిస్ట్రేషన్ అను మాటను తీసికొందము. అందులోని స్ట్రే అను ఒక్క అక్షరమునకు తలపై ఏత్వము, క్రింద టకారపు ఒత్తు, దానితోడనే రకారపు ఒత్తు ఉన్నవి; అనగా నిలువున అది పలు అంతస్తుల మేడ. మెటీరియల్ రెండవ రూపములో బటన్ ఎత్తు 36 ప్రమాణములు, మూడవదానిలో 40. వ్రేలు తాకుటకు కావలసిన చోటు 48, అనగా సుమారు 9 మిల్లీమీటర్లు. డెవలపర్ ఎత్తును 36గా బిగించి, అక్షరము నట్టనడుమకు రావలెనని పైక్రింది ఖాళీని తొలగించినచో, ఆంగ్లములో అందముగానే యుండును. తెలుగులో ఒత్తులు తెగి, చదువరి మిగిలిన ముక్కనుండి మాటను ఊహించుకొనవలసివచ్చును. ఆండ్రాయిడ్ 14 అక్షరమును రెండింతలవఱకు పెంచుకొను వీలు కల్పించినది. చత్వారము వచ్చిన రైతు ఆ వీలును వాడుకొన్ననాడు, బిగించిన పెట్టెలో తెలుగు పంక్తి పట్టనే పట్టదు.

వేదికలను నిర్మించినవారికి ఈ సంగతి తెలియకపోలేదు. మెటీరియల్ అక్షరశాస్త్రము లిపులను ఆంగ్లసదృశములు, సాంద్రములు, ఉన్నతములు అని విభజించి, తెలుగును పేరుపెట్టి ఉన్నతవర్గములో చేర్చినది. ఫ్లటర్ ఆ విభాగమునే స్వీకరించినది. 2014 నాటి ఆండ్రాయిడ్ 5.0లో, అక్షరమును దాని సహజోన్నతితో చూపుటకు ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అను గుణము చేర్చబడినది గాని, అది కోరినవారికి మాత్రమే వర్తించెడిది. కోరనిచోట తెలుగును లాటిన్ పెట్టెలో ఇముడ్చుటకై కుదించిన కొలతలే వాడబడెడివి. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 ఈ నియమమును తలక్రిందులుచేసి, తమిళము, కన్నడము, మలయాళము, గుజరాతీ, ఒడియా, థాయి మున్నగు లిపులతోపాటు తెలుగునకును, ఆ రూపమునకు వ్రాయబడిన యాప్‌లలో, సహజోన్నతినే మూలనియమము చేసినది; 2025 నాటి 16వ రూపములో, దానికొఱకు వ్రాయబడు యాప్‌లు ఆ గుణమును త్రోసిపుచ్చు వీలు సైతము లేకపోయినది. పదేండ్లపాటు అక్షరమును పెట్టెకు తగినట్లు కుదించినవారు, ఇపుడు పెట్టెను అక్షరమునకు తగినట్లు పెంచుమని డెవలపరును నిర్బంధించుచున్నారు. ఇది మనకు లభించిన న్యాయము. అయినను పాత థీమ్‌లలో ఎత్తులు బిగించి కూర్చున్నవారు దానిని అందుకొనుటకు తమ కొలతలను మఱల తీయవలసియున్నది.

ఫాంటు విషయమును ఇట్టిదే. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి, విండోస్ 8లో నిర్మల, పిమ్మట నోటో, ఇవిగాక సిలికానాంధ్ర కృషివలన ఉచితముగా లభించిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, ఎన్టీఆర్ మొదలైనవి తెలుగు తెరకు సంపదలు. కాని ఒక్కొక్కదాని తలకట్టు ఎత్తు, అడుగు లోతు ఒక్కొక్క విధము. థీమ్ పట్టికలో ఫాంటు పేరు మార్చుట ఒక్క పంక్తి పని. దానితో ప్రతి బటన్‌లోను అక్షరము పైకో క్రిందికో జరుగును. పరీక్షలేమివలన కలుగు ప్రమాదమునకు పరాకాష్ఠ 2018 ఫిబ్రవరిలో కనబడినది: జ్ఞా అను అక్షరమునకు చెందిన ఒక కోడ్ క్రమము సందేశముగా వచ్చినంతనే ఐఓఎస్ 11.2.5 నడుచు ఐఫోనులలో యాప్‌లు కూలిపోయెను. ఆపిల్ సంస్థ ఆ నెల 19న 11.2.6ను విడుదలచేసి సవరించినది. అది థీమ్ దోషము కాకపోవచ్చును. మన లిపి చివరివఱకు పరీక్షింపబడక జనము చేతికి వచ్చుచున్నదనుటకు మాత్రము నిదర్శనము.

నిర్ణయము

మన రాష్ట్రములో పౌరుడు ప్రభుత్వముతో వ్యవహరించు తెరలు త్వరత్వరగా మారుచున్నవి. 2011లో మీసేవ, 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినవి. చట్టములు మారవచ్చును, పేర్లు మారవచ్చును. సమర్పించు బటన్ ఏ మూల నుండును, ప్రమాదకరమైన క్రియ ఏ రూపమున హెచ్చరించును అనునవి మాత్రము ప్రతిసారియు కొత్తగా నేర్వవలసిన విద్యలు కారాదు. పాత్రలకు పేరుపెట్టిన థీమ్ వలన కలుగు పరమప్రయోజనము ఇదియే: వన్నె మారినను వ్యవహారము మారదు. రంగులకు పేరుపెట్టిన థీమ్‌లో వన్నె మారిననాడు వ్యవహారము కూడ చెదరును.

కనుక సమీక్ష తేల్చినది సంగ్రహముగా చెప్పెదను. అధికార విషయమున ముగ్గురికిని భాగముండుట మేలు. వ్రాత విషయమున పాత్రల పద్ధతి తక్కినవానికంటె శ్రేష్ఠము. గీయు విషయమున స్వకీయ కంట్రోల్ దొరికినచోట దానినే వాడి, దొరకనిచోట మాత్రమే స్వయముగా చిత్రించుట ఉచితము. కొలత విషయమున మాత్రము మనవారు నేటివఱకు నడచిన వరుసను తిరుగవేయవలెను. రంగుల పట్టికతో ప్రారంభించి, తెలుగును చివరిదినమున అతికించుట ఇపుడు తఱచుగా కనబడు ఆచారము. దానికి బదులు, యాప్‌లో రాబోవు మాటలలో నిలువున మిక్కిలి లోతైనదానిని, అడ్డముగా మిక్కిలి పొడవైనదానిని మొదటనే ఏరి, అక్షరమును రెండింతలు పెంచి, ఆ మాటలు పట్టునట్లు పెట్టెకు కనీసపు ఎత్తును మాత్రమే నిర్ణయించి, గరిష్ఠమును విడిచిపెట్టవలెను. తరువాత నిష్పత్తులను లెక్కించి రంగులు ఎంచవలెను. పిమ్మట శంకర్‌పల్లివంటి చోట మధ్యాహ్నవేళ సామాన్యపు ధర ఫోనుతో బయట నిలిచి చూడవలెను. ఈ మూడింటికిని విలువైన యంత్రములు అక్కఱలేదు. ఒక పూట ఓపిక చాలును. ప్రభుత్వశాఖలు యాప్‌లను చేయించుకొనునపుడు టెండరు పత్రములో ఈ మూడు పరీక్షలను అంగీకారపు షరతులుగా వ్రాసినచో, ఆంగ్లపు తెరను చూపి బిల్లు పెట్టుకొను అలవాటు తనంతతానే మానును. గచ్చిబౌలిలో కూర్చున్న డెవలపరుకు ఈ షరతు భారము కాదు. తాను చేసిన పని ఎవరి చేతిలో నిలుచునో ముందుగా తెలిపి, తిరిగి చేయు శ్రమను తప్పించు ఉపకారమే.